కత్తా? గొడ్డలా?

మా హాస్టల్లో రాత్రి పదకొండింటికి మొదలై రెండింటిదాకా సాగే గొడవలు మామూలుగా క్రికెట్ గురించో, ప్లేస్‌మెంట్స్ గురించో ఉంటాయి. ఈసారి మాత్రం కట్టెల గురించి జరిగింది. సంక్రాంతి సెలవుల తర్వాత మా బ్యాచ్ అంతా ఒక క్లాస్‌మేట్ వాళ్ళ తోటలో టెంట్లు వేసుకుని రెండు రాత్రులు ఉందామని ప్లాన్. వంట కూడా అక్కడే. ఎండుకొమ్మలు కావలసినన్ని ఉన్నాయి. వాటిని కొట్టుకోవడానికి పెద్ద కత్తి తీసుకెళ్ళాలా, టోమహాక్ లాంటి చిన్న గొడ్డలి తీసుకెళ్ళాలా అన్నదే సమస్య. యూట్యూబ్‌ని అడిగితే రెండు పార్టీలకీ సమానంగా వీడియోలు ఇచ్చింది.

నేను టోమహాక్ పార్టీ. కారణం పెద్ద సైన్సేం కాదు, అప్పటికే ఆన్‌లైన్‌లో ఒకటి కొనేశాను, అంతే.

సెలవులకి మార్కాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్తూ దాన్ని బ్యాగులో పెట్టుకున్నాను. అక్కడ మా బావ ఉన్నాడు. నేపాల్ ట్రిప్పులో కొనుక్కున్న కుక్రీ తెచ్చాడు. ఆయనది కత్తి పార్టీ. "ఏరా, నీ సుత్తి ముందా, నా కత్తి ముందా తేల్చేద్దామా?" అన్నాడు. ఈ వ్యాసం ఆ రెండు రోజుల్లో తేలినదాని గురించి. స్కూలంతా ఇంగ్లీష్ మీడియంలో చదివాను కాబట్టి తెలుగులో తప్పులుంటే ఎడిటర్ గారు చూసుకుంటారు.

ముందు పరిచయాలు

టోమహాక్ అనగానే మనకి అమెరికా వాళ్ళ క్షిపణి గుర్తొస్తుంది. క్షిపణికి ఆ పేరు ఈ గొడ్డలి నుంచే వచ్చింది. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు ఆదివాసుల ఆల్గోంక్వియన్ భాషల మాట అది, 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది. మొదట్లో రాతి తలలుండేవి. తర్వాత యూరప్ వర్తకులు ఇనుప తలలు తెచ్చి అమ్మారు. సన్నటి చిన్న తల, తిన్నటి పొడవాటి కామ దీని గుర్తులు. తలని కామ చివరి నుంచి పైకి జార్చి బిగిస్తారు, మనవాళ్ళు పికాసుకి కర్ర ఎక్కించినట్టు. పైభాగం లావుగా ఉంటుంది కాబట్టి కొట్టేకొద్దీ తల ఇంకా బిగుస్తుంది. కామ విరిగితే అడవిలోనే ఇంకో కర్ర చెక్కి ఎక్కించుకోవచ్చు.

కుక్రీ గూర్ఖా సైనికుల వల్ల ప్రపంచమంతా తెలిసిన కత్తి. నేపాల్లో మాత్రం అది ముందు ఇంటిపని, పొలంపని చేసే పనిముట్టు. మధ్యలో లోపలికి వంగి, చివర వైపు వెడల్పవుతుంది. ఆ వెడల్పు అందం కోసం కాదు, బరువుని పిడికి దూరంగా జరపడం కోసం. పెద్ద కత్తుల్లో మాచెట్ అని ఇంకో రకం ఉంది. అది రెండుమూడు మిల్లీమీటర్ల పల్చటి రేకు, చెరకు, పచ్చి పొదలు నరకడానికి బాగుంటుంది. ఎండు మొద్దు మీద వేస్తే వణికి ఊరుకుంటుంది.

లెక్క

ఊళ్ళో కిరాణా కొట్టు తూకంలో పెడితే రెండూ ఇంచుమించు 600 గ్రాములే తూగాయి. పొడవు కూడా అటూ ఇటూగా 45 సెంటీమీటర్లు. బరువు ఒకటే, పొడవు ఒకటే. మరి తేడా ఎందుకు రావాలి?

ఇక్కడ మనం ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన 'మొమెంట్ ఆఫ్ ఇనర్షియా' పనికొస్తుంది. కత్తిని మొదలు నుంచి చివరిదాకా సమానంగా బరువున్న కడ్డీ అనుకోండి. ఒక చివర పట్టుకుని తిప్పితే దాని ఇనర్షియా బరువు ఇంటూ పొడవు స్క్వేర్‌లో మూడో వంతు. గొడ్డలిలో బరువంతా తలలోనే ఉందనుకోండి. అప్పుడు మూడో వంతు కాదు, మొత్తం వస్తుంది. అంటే రెండింటినీ ఒకే వేగంతో తిప్పగలిగితే గొడ్డలి దెబ్బలో మూడు రెట్ల శక్తి ఉంటుంది.

ఇది కాగితం మీద మాట. నిజంలో కామకి కూడా బరువుంటుంది, కుక్రీ బరువు కాస్త ముందుకే ఉంటుంది. పైగా గొడ్డలిని అంత వేగంగా తిప్పడానికి మన చెయ్యే ఆ శక్తిని ఇవ్వాలి. గొడ్డలి ఉచితంగా ఏమీ ఇవ్వదు. మన భుజం పెట్టిన ఖర్చుని ఒకచోట పోగు చేసి మొద్దుకి అందిస్తుంది. ఈ వాక్యం రాసేటప్పుడు లెక్కగానే రాశాను. దీని అసలు అర్థం తర్వాత తెలిసింది.

ఇంకో విషయం. కత్తితో ఎక్కడ పడితే అక్కడ కొడితే చెయ్యి జివ్వుమంటుంది. సమానమైన కడ్డీ అయితే పట్టుకున్న చివర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కొట్టినప్పుడు పిడికి ఎదురుదెబ్బ రాదు. క్రికెట్ బ్యాట్‌లో 'స్వీట్ స్పాట్' అంటామే, అలాంటిదే. గొడ్డలికి ఆ స్పాట్ దాదాపు తల దగ్గరే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

పరీక్ష

మా అమ్మమ్మ వాళ్ళ పెరటి వెనక సర్కారు తుమ్మ విపరీతంగా ఉంది. ముళ్ళు, గట్టితనం, మొండితనం అన్నీ ఉన్న చెట్టు. మూడు పరీక్షలు పెట్టుకున్నాం.

మొదటిది, బొటనవేలి లావు పచ్చి కొమ్మలు. కుక్రీ ఒక్క వేటుకి తెంపేసింది. నా టోమహాక్ తగలగానే కొమ్మ ఊగి పక్కకి పోయింది. సన్న కొమ్మకి బరువు అక్కర్లేదు, వేగం, పొడవైన అంచు కావాలి. గొడ్డలి అంచు ఏడెనిమిది సెంటీమీటర్లే. గురి తప్పితే కామే తగులుతుంది. కంప కొట్టేటప్పుడు కత్తి చాలా ముందుంది. బావ మీసం మెలేశాడు (లేని మీసం).

రెండోది, నాలుగంగుళాల లావు ఎండు కొమ్మని అడ్డంగా రెండు ముక్కలు చెయ్యడం. ఇక్కడ బావకి 61 దెబ్బలు పట్టాయి, నాకు 38. మూడు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు. అయినా తేడా తేడానే. ఇద్దరం మొదట ఒకే తప్పు చేశాం. నిటారుగా కొట్టాం. చెక్కలో నార పొడవుగా ఉంటుంది. దాన్ని నిటారుగా కొడితే నలుగుతుంది తప్ప తెగదు. కాస్త ఏటవాలుగా అటొకటి, ఇటొకటి కొడితే మధ్యలో చెక్క లేచి బయటికొస్తుంది. గాటు పైన కొమ్మ లావంత వెడల్పు ఉండాలి. ఇరుకు గాటులో ఏ పనిముట్టైనా ఇరుక్కుంటుంది.

మూడోది, పేళ్ళు చీల్చడం. ఇందులో ఇద్దరం ఓడిపోయాం. టోమహాక్ తల సన్నం కాబట్టి లోపలికి దిగింది కానీ చెక్కని రెండువైపులా తొయ్యలేదు. చీల్చడానికి పదును కన్నా లావు ముఖ్యం. బావ మాత్రం కుక్రీని మొద్దు తలమీద పెట్టి, వెనక నుంచి ఇంకో కర్రతో కొట్టి ముడులు లేని చిన్న మొద్దుని చీల్చాడు. నెమ్మదిగా, కానీ గురి తప్పే భయం లేకుండా.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న తాతయ్య అప్పుడు అడిగాడు: "అడ్డంగా కొయ్యడానికి మీకు రంపం లేదట్రా?"

నిజానికి సరైన సమాధానం అదే. మడతపెట్టే చిన్న రంపం ఒకటుంటే అడ్డంగా కొయ్యడంలో కుక్రీ, టోమహాక్ రెండూ దాని వెనకే. మూడు గంటల మా వాదనలో ఒక్కడికీ అది తట్టలేదు.

దెబ్బ

రెండో రోజు పొద్దున నేనొక్కడినే మిగిలిన కొమ్మల్ని కొడుతున్నాను. నిలబడి, వంగి, ఒంటిచేత్తో. ఒక ముడి మీద తగిలి టోమహాక్ పక్కకి జారింది. జీన్స్ మోకాలి కింద చీలింది. చర్మం మీద సన్నటి గీత, కాస్త రక్తం. ఒక అంగుళం లోపలికి వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

తాతయ్య తిట్టలేదు. పంచె కొంచెం పైకి లాగి ఎడమకాలి ముందు ఎముక మీద తెల్లటి మచ్చ చూపించాడు. "నాకూ నీ వయసే. చిన్న గొడ్డలే," అన్నాడు. తర్వాత, "కూర్చో. మోకాలి మీద కూర్చుని కొట్టు."

ఇందులో లాజిక్ ఉంది. పొడుగు కామ ఉన్న పెద్ద గొడ్డలి గురి తప్పితే మన పాదాలకి ముందే నేలకి తగిలి ఆగుతుంది. పొట్టి కామ ఆగదు. అదే ఊపులో తిరిగి మన కాలి వైపుకే వస్తుంది. అంటే చిన్న గొడ్డలి పెద్దదానికన్నా ప్రమాదం. మోకాళ్ళ మీద కూర్చుంటే తప్పిన దెబ్బ నేలలోకి దిగుతుంది. కొమ్మ కింద ఒక మొద్దు ఉండాలి. రెండు చేతుల దూరంలో ఎవరూ ఉండకూడదు. రెండో చెయ్యి కొమ్మ మీద, దెబ్బ పడే చోటికి దగ్గర్లో పెట్టకూడదు. కత్తికైతే చెమట చెయ్యి పెద్ద శత్రువు, పిడి జారుతుంది. ఏదైనా సరే, చేతికి చెయ్యి ఇవ్వకుండా కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. మా అమ్మమ్మ కత్తిపీట దగ్గర కూడా ఇదే రూల్.

ఇంకో రెండు మాటలు. మన దేశంలో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. ఇంటిపనికీ, వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపుంది. కాబట్టి కుక్రీ నడుముకి కట్టుకుని బస్సెక్కి హీరోలా ఫీలవకండి. అలాగే రిజర్వ్ ఫారెస్టులో కట్టె కొట్టడం, మంట పెట్టడం నేరం. సొంతవాళ్ళ తోట, ఎండిన కొమ్మ, అంతవరకే.

కట్టెల మోపు

గాయానికి పసుపు పెడుతున్న అమ్మమ్మని చూస్తూ పెరట్లో కూర్చున్నప్పుడు కట్టెల మోపు కనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మోపే. ఎప్పుడూ లావు పేళ్ళు గోడలా పేర్చి ఉండేవి. ఇప్పుడు అందులో ఉన్నవన్నీ బొటనవేలి లావు పుల్లలే. ఒక్కటి కూడా చీల్చిన పేడు కాదు.

నిన్నటి మొదటి పరీక్ష గుర్తొచ్చింది. ఇవన్నీ కత్తితో కొట్టినవి.

"తాతయ్య గొడ్డలి వాడట్లేదా?" అని అడిగాను.

అమ్మమ్మ లోపలికోసారి చూసి మెల్లగా చెప్పింది. "మొన్న వేసవి నుంచి ఎత్తట్లేదు నాన్నా. కుడి భుజం లేవట్లేదు. మీ అమ్మకి చెప్పొద్దన్నాడు."

అప్పటికి ఆరు నెలలు పైనే. వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడుతూనే ఉన్నాం. భుజం పెట్టిన ఖర్చునే గొడ్డలి పోగు చేస్తుందని ముందురోజు నేనే లెక్క చెప్పాను. ఆ ఖర్చు పెట్టలేనివాళ్ళు ఏం చేస్తారన్నది లెక్కలో వెయ్యలేదు. వాళ్ళు కత్తి పట్టుకుని సన్నపుల్లలకి దిగుతారు. ఎవరికీ చెప్పరు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు. కత్తి, టోమహాక్ మధ్య తీర్పు ఇవ్వమంటే నేను కూడా ఆ సామెతే చెప్తాను. మణికట్టు కన్నా సన్నవైతే కత్తి. అంతకన్నా లావైతే గొడ్డలి, రంపం ఉంటే ఇంకా మంచిది. చీల్చాలంటే లావు తలున్న గండ్రగొడ్డలి. కానీ లావునీ సన్నాన్నీ చూసే ముందు పట్టుకునే చెయ్యి ఎవరిదో చూడాలి. వీడియోల్లో కొట్టేవాళ్ళందరికీ పాతికేళ్ళే ఉంటాయి.

మిగిలిన నాలుగు రోజులూ తాతయ్య గండ్రగొడ్డలితో నేనూ, బావా కొట్టాం. కామ వదులైందని తాతయ్యే కూర్చుని సన్న చీల దిగగొట్టించాడు. అరుగు మీద నుంచి డైరెక్షన్ ఇచ్చాడు. "ముడిని వదిలి కొట్టు", "పగులు చూసి కొట్టు, బలం చూసి కాదు". మూడో రోజుకి ఒక మొద్దు ఒకే దెబ్బకి రెండుగా పడింది. తిరిగి చూస్తే ఆయన నన్ను చూడట్లేదు, పేడుని చూస్తున్నాడు. "ఎండింది బాగా," అన్నాడు.

బయల్దేరే ముందు రాత్రి అమ్మకి ఫోన్ చేసి భుజం సంగతి చెప్పేశాను. తాతయ్యకి కోపం వచ్చింది, రెండు రోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు. మూడో రోజు ఒంగోలులో డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. కసరత్తులు చెప్పారట, చేస్తున్నాడట.

క్యాంపుకి మేం చివరికి రంపం తీసుకెళ్ళాం. టోమహాక్ ఊళ్ళోనే ఉంది. తాతయ్య ఎడమ చేత్తో దానితో చితుకులు కొడుతున్నాడని అమ్మమ్మ చెప్పింది. మోకాళ్ళ మీద కూర్చునే కొడుతున్నాడా అని అడిగాను. "పీట వేసుకుని," అంది.