రిసార్ట్‌లో పుట్టినరోజా? కేకు చెప్పే ముందు ఇవీ చెప్పండి

పుట్టినరోజు ఇంట్లోనే చేసుకోవాలన్న పట్టింపు ఇప్పుడు తగ్గింది. పిల్లలకు సెలవులు కలిసొస్తే రెండు మూడు కుటుంబాలు కలిసి థీమ్‌ పార్కుకు వెళ్లడం, పగలంతా రైడ్లు ఎక్కి రాత్రికి అక్కడి రిసార్ట్‌లోనే బస చేయడం, సరిగ్గా పన్నెండింటికి గదికి కేకు తెప్పించడం మామూలైంది. హైదరాబాద్‌ శివార్లలోని రామోజీ ఫిల్మ్‌ సిటీ, బెంగళూరు దగ్గర బిడదిలోని వండర్‌లా, ముంబయి-పుణె దారిలోని ఇమాజికా... ఇలా పార్కుతో పాటు బస కూడా ఉన్న చోట్లకు మనవాళ్లు బాగానే వెళ్తున్నారు. గది బుక్‌ చేసేటప్పుడే ‘ఏదైనా స్పెషల్‌ అకేషన్‌ ఉందా సార్‌?’ అని అడుగుతారు. ఎన్ని కిలోలు, ఏ ఫ్లేవర్‌, మీద ఏం పేరు రాయాలి... ఈ మూడూ రాసుకుంటారు. తినేవాళ్లలో ఎవరికి ఏం పడదన్నది చాలాసార్లు వాళ్లూ అడగరు, మనమూ చెప్పం.

మీ వీధి చివరి బేకరీ అయితే ఆ కేకు మీ ఇంట్లోవాళ్లు పదిసార్లు తిన్నదే. రిసార్ట్‌ వంటగది అలా కాదు. అక్కడ ఏ క్రీమ్‌ వాడతారో, ఏ పొడి చల్లుతారో మనకు తెలియదు. పైగా ఇలాంటి పార్కులు ఎక్కువగా ఊరికి దూరంగా ఉంటాయి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఆసుపత్రికి వెళ్లేసరికి అరగంటో, గంటో పడుతుంది. ఒక వైద్యుడిగా నన్ను ఆలోచనలో పడేసేది కేకులోని తీపి కంటే ముందు ఈ దూరమే.

సర్‌ప్రైజ్‌తోనే చిక్కు

ఆ మధ్య ఒక రాత్రి మా అత్యవసర విభాగానికి 19 ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఛాతీలో పిల్లికూతలు, బీపీ బాగా పడిపోయింది. చిన్నప్పటి నుంచీ జీడిపప్పు పడదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బయట ఏం తిన్నా వాళ్లమ్మ ఒకటికి రెండుసార్లు అడిగే ఇప్పిస్తుంది. ఆ రోజు కేకు తెప్పించింది మాత్రం బాబాయి. అన్నా వదినలకు కూడా చెప్పకుండా సర్‌ప్రైజ్‌గా బటర్‌స్కాచ్‌ కేకు చెప్పారు. బటర్‌స్కాచ్‌ అంటే వెన్న, చక్కెర పాకం అనే అనుకున్నారు ఆయన. మన దగ్గర బటర్‌స్కాచ్‌ కేకు మీద కరకరలాడుతూ తగిలే పలుకుల్లో చాలాచోట్ల జీడిపప్పే ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకున్న నిమిషాల్లోనే పెదాలు దురద మొదలైంది. ఎవరి దగ్గరో ఉన్న సెట్రిజిన్‌ మాత్ర వేసి ‘తగ్గుతుందేమో చూద్దాం’ అని పావుగంట ఆగారు. ఆ తర్వాతే బయల్దేరారు.

తొడ కండరంలోకి అడ్రినలిన్‌ ఇచ్చాక అమ్మాయి ఊపిరి తేలికపడింది. మరుసటి రోజు ఇంటికి పంపించాం. ఇందులో రిసార్ట్‌ను తప్పుపట్టడానికి లేదు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సర్‌ప్రైజ్‌ చేయాలనుకుంటే పుట్టినరోజు జరుపుకొనేవారికి తెలియకుండా చేయండి, ఫర్వాలేదు. తినబోయే ప్రతి కుటుంబం నుంచీ ఒక పెద్దవారికైనా మాత్రం ముందే చెప్పండి. ముఖ్యంగా పిల్లల తల్లులకు. ఎవరికేం పడదో కంఠతా ఉండేది వాళ్లకే.

పేరును చూసి నమ్మొద్దు

కేకు పేరులో ఉన్నది వేరు, కేకులో ఉన్నది వేరు. రసమలై కేకు మీద పిస్తా చల్లుతారు. జీడిపప్పు పడనివారిలో చాలామందికి పిస్తా కూడా పడదు. రెండూ దగ్గరి చుట్టాలు. కొన్ని చాక్లెట్‌ కేకుల్లో హేజల్‌నట్‌ ముద్ద కలుపుతారు. ‘మాకు పైనాపిలే కదా’ అనుకున్నా, బాదం పలుకులు అద్దిన కేకును కోసిన చాకుతోనే దాన్నీ కోస్తే ఆ కాస్త రేణువులే కొందరికి చాలు.

ఎగ్‌లెస్‌ విషయంలోనూ అపోహలున్నాయి. ఎగ్‌లెస్‌ అంటే గుడ్డు వేయలేదనే అర్థం. దాని బదులు పెరుగో, కండెన్స్‌డ్‌ మిల్కో వేస్తారు కాబట్టి పాల ప్రొటీన్‌ పడని పిల్లలకు అది పనికిరాదు. శాకాహారులు ఇంకో మాట అడగాలి. మూస్‌ కేకులు గట్టిపడటానికి వాడే జెలటిన్‌ జంతువుల నుంచి తీసేది. గుడ్డు ఎలర్జీ ఉన్న పిల్లల్లో చాలామంది బాగా ఉడికిన గుడ్డును తట్టుకోగలరు, పచ్చిసొనతో గిలక్కొట్టిన ఐసింగ్‌ తిన్నప్పుడు మాత్రం ఇబ్బంది పడొచ్చు. మీ అబ్బాయి ఏ కోవలోకి వస్తాడో తేల్చుకోవాల్సింది డాక్టర్‌ సమక్షంలో. రిసార్ట్‌ గదిలో కాదు.

కాబట్టి ఫోన్‌లో కేకు చెప్పేటప్పుడు ‘కాస్త చూసుకోండి’ అంటే సరిపోదు. ‘మాలో ఒకరికి జీడిపప్పు, పిస్తా పడవు. తింటే ఊపిరాడదు. కేకులో గానీ, పైన గానీ అవి ఉండకూడదు. అదే గిన్నెలు, అదే చాకు వాడకుండా చేయగలరా?’ అని స్పష్టంగా అడగండి. రిసెప్షన్‌లో ఉన్నవారు ‘నో ప్రాబ్లమ్‌ సార్‌’ అంటే ఆగిపోకండి. కేకు చేసే చెఫ్‌తో మాట్లాడించమనండి. తర్వాత అదే విషయాన్ని వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో రాసి పంపండి. షిఫ్ట్‌ మారితే నోటిమాట మారినవాళ్లతోనే వెళ్లిపోతుంది, రాసింది ఉంటుంది. కేకు వచ్చాక కోసే ముందు మరోసారి అడగండి. కనీసం రెండు మూడు రోజుల ముందు చెబితే వేరుగా చేసే వీలుంటుంది. సాయంత్రం చెప్పి రాత్రికి కావాలంటే ఫ్రిజ్‌లో ఉన్నదాని మీదే పేరు రాసి పంపిస్తారు.

‘మా వంటగదిలో నట్స్‌ వాడతాం, గ్యారంటీ ఇవ్వలేం’ అని ఎవరైనా చెబితే చిన్నబుచ్చుకోకండి. నా దృష్టిలో అది అన్నిటికంటే నిజాయతీ గల జవాబు. అప్పుడు అందరికీ కేకు తెప్పించి ఆ ఒక్కరి ముందూ పళ్ల పళ్లెం పెట్టడం నాకు నచ్చదు, ముఖ్యంగా పుట్టినరోజు వాళ్లదే అయితే. పుచ్చకాయను గుండ్రంగా కోసి దానిమీదే కొవ్వొత్తి వెలిగించి అందరూ అదే తినొచ్చు. లేదంటే ఇంతకుముందు తిని అలవాటైన, సీల్‌ తీయని ప్యాకెట్‌ కేకును ఇంటి నుంచి తీసుకెళ్లండి. బయటి తిండిని లోపలికి రానివ్వని పార్కులున్నాయి. వైద్య కారణమని ముందే చెప్పి అనుమతి తీసుకోవడం మంచిది. మన దేశంలో ప్యాకెట్‌ మీద గోధుమ, పాలు, గుడ్లు, వేరుసెనగ, నట్స్‌, సోయా వంటివి ఉంటే ఆ సంగతి లేబుల్‌ మీద తెలపాలన్న నిబంధన ఉంది. విడిగా చేసి తెచ్చే కేకుకు ఆ లేబుల్‌ ఉండదు. అందుకే నోరు తెరిచి అడగాలి.

పొరపాటున తింటే...

పెదాల దురద, నాలుగు దద్దుర్లతోనే ఆగిపోతే కంగారు లేదు. కానీ గొంతు బిగిసినట్టు ఉండటం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, ఆగని దగ్గు, పదేపదే వాంతులు, కళ్లు తిరగడం... వీటిలో ఏది తోడైనా అది అనఫిలాక్సిస్‌. ప్రాణాపాయం. సెట్రిజిన్‌ లాంటి మాత్రలు దురదను తగ్గిస్తాయే తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవవు. పడిపోతున్న బీపీని నిలబెట్టవు. ఆ పని చేసేది అడ్రినలిన్‌ ఇంజెక్షనే. తొడ బయటి వైపు కండరంలోకి, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

ఇంతకుముందు ఇలా తీవ్రంగా అయినవారు అడ్రినలిన్‌ను ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. విదేశాల్లోలా పెన్ను మాదిరి ఇంజెక్టర్‌ మన దగ్గర అంత సులువుగా దొరకదు. అందుకని మీ డాక్టర్‌ను కలిసి యాంపూల్‌, సిరంజీ, మీ బరువుకు తగిన మోతాదు రాయించుకోండి. ఇవ్వడం ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి. దాన్ని కారు డ్యాష్‌బోర్డులో పెట్టకండి. ఎండకు మందు పాడవుతుంది. పార్కులోకి వెళ్లేటప్పుడు లాకర్‌లో వదిలేయకుండా వెంటే తిరిగే పెద్దవాళ్ల సంచిలో ఉంచండి.

మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తుగా పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి, ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. 108కి ఫోన్‌ చేయండి. రిసార్ట్‌లో ప్రథమ చికిత్స గది ఉందా, రాత్రిళ్లు అక్కడ ఎవరుంటారు, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నది చెకిన్‌ అయినప్పుడే కనుక్కోండి. వైఫై పాస్‌వర్డ్‌ అడిగినంతసేపు కూడా పట్టదు. ఇంజెక్షన్‌తో తేలికపడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ రావొచ్చు.

మధుమేహం ఉన్నవారికి అర్ధరాత్రి వద్దు

షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో పెద్దవాళ్లను తీసుకెళ్లినప్పుడు ఈ ఇబ్బంది రెండు వైపుల నుంచీ వస్తుంది. పగలంతా ఎండలో నడక, క్యూల్లో నిలబడటం, భోజనం ఆలస్యం కావడం. గ్లిమెపిరైడ్‌ మాత్రలు, ఇన్సులిన్‌ వాడేవారికి మధ్యాహ్నానికి షుగర్‌ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. వాళ్ల జేబులో గ్లూకోజ్‌ గానీ, నాలుగు చాక్లెట్లు గానీ ఉండాలి. ఇక రాత్రి భోంచేశాక పన్నెండింటికి కేకు. క్రీమ్‌ కేకు 100 గ్రాముల ముక్కలో దాదాపు 300 క్యాలరీలు ఉంటాయి. తిని నేరుగా పడుకుంటారు. పొద్దున షుగర్‌ చూసుకుని 240 ఉందని హడలిపోయి మాత్ర రెట్టింపు వేసుకుని మళ్లీ పార్కులో తిరగడానికి బయల్దేరతారు. ఆ మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోతారు.

కేకును రాత్రి భోజనంలో భాగం చేయండి. ఎనిమిదింటికి కోసి, అన్నమో, రొట్టెలో ఆ మేరకు తగ్గించి, అగ్గిపెట్టెంత ముక్క తినమనండి. కేకు కోసమని సొంతంగా మాత్ర పెంచొద్దు. ‘షుగర్‌ ఫ్రీ’ అని తెప్పించినా అందులో మైదా ఉంటుంది, అదీ షుగర్‌ను పెంచుతుంది. దానిలో తీపి కోసం మాల్టిటాల్‌ లాంటివి కలిపితే ఎక్కువ తిన్నవారికి కడుపుబ్బరం, విరేచనాలు అదనం.

గదిలో ఎంతసేపు ఉంచొచ్చు?

క్రీమ్‌ కేకును ఫ్రిజ్‌ బయట 2 గంటలకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే. మన వేసవిలో సిటీలో కొని కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్లిన కేకు దారిలోనే ఆ గడువు దాటేస్తుంది. స్టెఫైలోకాకస్‌ అనే బ్యాక్టీరియా క్రీమ్‌లో పెరిగి విషాన్ని వదులుతుంది. కేకు రుచి, వాసన మారకపోవచ్చు. ఒకసారి విషం పుట్టాక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే కలిసి తిన్నవాళ్లందరికీ వాంతులు మొదలవుతాయి. ఎండలో తిరిగి ఒంట్లో నీరు తగ్గిన పిల్లలకు ఇది ఇంకా కష్టం. ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు బ్యాగులో పెట్టుకోండి. గదిలో ఉండే చిన్న మినీబార్‌ కూల్‌డ్రింకులను చల్లగా ఉంచడానికే తప్ప మిగిలిన సగం కేకును దాచడానికి నమ్మదగింది కాదు. అందుకే చిన్న కేకే చెప్పండి. పది మందికి కిలో చాలు.

మొదటి పుట్టినరోజు

ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. బాట్యులిజం ముప్పు ఉంది. ‘ఆరోగ్యకరం’ అని తేనె, ఖర్జూరంతో చేసిన కేకును పుట్టినరోజుకు ముందే ఫొటోల కోసం తెప్పించి నాకించేవాళ్లున్నారు. ఇక పైన మెరిసే పొడి. 2018లో అమెరికాలోని రోడ్‌ ఐలండ్‌లో ఒక మొదటి పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో జబ్బుపడ్డారు. కారణం బంగారు రంగు పొడిలోని రాగి. అలంకరణకు మాత్రమే వాడాల్సిన ఇలాంటి పొడులు తినడానికి తయారుచేసినవి కావు. ‘నాన్‌-టాక్సిక్‌’ అని రాసి ఉన్నా తినదగిందని అర్థం కాదు. ముదురు రంగులూ వద్దనండి. 2024లో కర్ణాటక ఆహార భద్రత విభాగం 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 సురక్షితం కాదని తేలింది, కృత్రిమ రంగుల వల్లే.

అంతస్తుల కేకుల్లో నిలబెట్టడానికి పుల్లలు గుచ్చుతారు. సరదాకు తలను కేకులోకి తోస్తే ఆ పుల్ల కంట్లో దిగొచ్చు. మంచులా చిమ్మే స్ప్రేలలో మండే వాయువులుంటాయి. వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర దాన్ని కొట్టడమంటే మొహం మీద మంట పెట్టడమే.

ఒర్లాండో వెళ్లే తాతయ్యలకు, అమ్మమ్మలకు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినవాళ్లను ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్లడం ఇప్పుడు తప్పనిసరి యాత్రలా మారింది. అక్కడి కేకుల దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు వేరు. అక్కడ కేకు అంటే గుడ్డు ఉన్నట్టే లెక్క, ఎగ్‌లెస్‌ అనే మాట మన బేకరీల్లో ఉన్నంత వాడుకలో లేదు. గుడ్డు వద్దంటే వీగన్‌ కేకు అడగమని ఎవరో చెబుతారు. అందులో గుడ్డు, పాలు, జెలటిన్‌ ఉండవు, నిజమే. కానీ పాల బదులు బాదం పాలు, జీడిపప్పు క్రీమ్‌, సోయా వాడే అవకాశం ఎక్కువ. గుడ్డు తినని తాతయ్యకు సరిపోయిన కేకు నట్స్‌ పడని మనవడికి ముప్పు కావొచ్చు. రెండు అవసరాలూ ఉన్న కుటుంబం ‘వీగన్‌’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా రెండింటినీ విడివిడిగా చెప్పాలి.

అక్కడి చట్టం ప్రకారం లేబుల్‌పై ప్రధానమైన తొమ్మిది ఎలర్జీ పదార్థాలను తెలపాలి. 2023 నుంచి వాటిలో నువ్వులూ చేరాయి. డాక్టర్‌ చీటీపై అడ్రినలిన్‌ పెన్ను దొరుకుతుంది. ముక్కులో కొట్టే స్ప్రేకూ 2024లో అనుమతి వచ్చింది. ఎలర్జీ ఉన్నవారి చీటీని ఇక్కడి నుంచి బయల్దేరే ముందే ఇంగ్లిష్‌లో రాయించుకుని, మందుల పెట్టెను లగేజీలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. అక్కడ అంబులెన్స్‌ నంబర్‌ 911.