నేల సంపెంగ (శృంగార్ రకం)

నేల సంపెంగ తెల్లని, సువాసన గల పూలనిచ్చే దుంపజాతి మొక్క. పూల అంగళ్లలో దీనిని లిల్లీ అంటారు గాని, ఇది లిల్లీ కుటుంబానికి చెందినది కాదు. కిత్తనారకు దగ్గరి బంధువు. దీని జన్మస్థలం మెక్సికో. హిందీలో రజనీగంధ అంటారు.

రకం

శృంగార్ రకాన్ని బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించింది. ఒంటిరేకుల, ముద్దపూల రకాలను సంకరపరచగా ఇది లభించింది. పూలు ఒంటిరేకులవి, దండలకు అనువైనవి. వేళ్లపై బుడిపెలు కలిగించే నులిపురుగులను తట్టుకొంటుంది.

వాతావరణం

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. శీతల దేశాల తోటలలో పెంచే పొడవైన ఐరిస్ మొక్కలు పూయడానికి శీతాకాలపు గట్టి చలి అవసరం. అది ఇక్కడ లభించదు. నేల సంపెంగకు అట్టి చలి అక్కరలేదు. అయితే 40 డిగ్రీలు దాటినపుడు పూకాడ పొట్టిదై, పూల నాణ్యత తగ్గుతుంది.

పెంపకం

2-3 సెంటీమీటర్ల మందం గల దుంపలను ఎంచి, సుమారు 5 సెంటీమీటర్ల లోతున, 20 సెంటీమీటర్ల ఎడంగా నాటాలి. నల్లరేగడిలో వాననీరు నిలిస్తే దుంపలు కుళ్లుతాయి. కనుక పశువుల ఎరువు, ఇసుక కలిపి ఎత్తైన మడులు చేయాలి. బొగ్గుధూళి ఆకులపై పేరుకొంటే వెలుతురు సరిగా అందదు. అప్పుడప్పుడు నీటితో కడగాలి. నాటిన మూడు నాలుగు నెలలకు పూకాడ వెలువడుతుంది.

ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లదుంపలు పూస్తాయి. కనుక పూత ముగియగానే మొక్కను పీకివేయరాదు. రెండు మూడేళ్లకొకసారి గుబురును తవ్వి, పిల్లదుంపలను విడదీసి నాటుకోవాలి.