చెప్పుకోలేని చిన్న లోపం

మూడేళ్ల కిందట వేసవి సెలవులలో మా అక్కయ్యా, ఆవిడ కూతురూ అమీర్‌పేటలోని మా యింటికి వచ్చారు. పిల్లకు పెళ్లి కుదిరింది. పట్టుచీరలు కొనాలి. రెండో రోజు సాయంత్రం వంటింట్లో నేనొక్కదాన్నే వున్న సమయం చూసి ఆ పిల్ల, "పిన్నీ, నీతో వొక మాట చెప్పాలి. అమ్మతో అనకు" అన్నది. మనసులో మరెవరైనా వున్నారు కాబోలునని నా గుండె గుభేలుమన్నది.

సంగతి అది కాదు. ఈడు వచ్చిన నాటినుంచీ ఆ పిల్లకు చనుమొనలు రెండూ లోపలికి ముడుచుకుని వున్నవట. హాస్టలులో తోటిపిల్లల ఎదుట బట్టలు మార్చుకోవటానికి జంకేదట. "అతను చూసి ఏమనుకుంటాడు? రేపు బిడ్డకు పాలెట్లా ఇస్తాను?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నది. బంజారా హిల్స్‌లో వొక క్లినిక్కు చిరునామా కూడా రాసి పెట్టుకున్నది. అరగంట ఆపరేషను, సాయంత్రానికి ఇంటికి రావచ్చు, పెళ్లికి ముందే ముగించేయాలి — ఇదీ ఆమె పథకం.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. స్త్రీ సౌందర్యానికి కవులు తెచ్చిన పోలికలన్నీ క్లాసులో విడమరచి చెబుతాను. ఆ పోలికలకు సరిపడని శరీరాలు కూడా లోకంలో వుంటాయని, వాటిలో వొకటి నా యింట్లోనే తిరుగుతున్నదని ఏనాడూ తోచలేదు. కవులకంటె వైద్యులే నయం. దాదిని ఎట్లా ఎంచుకోవాలో చెబుతూ చరకుడు, ఆమె చనుమొనలు తగిన తీరున వుండాలనీ, బిడ్డ సుఖంగా కుడవటానికి వీలుగా వుండాలనీ అన్నాడు. చనుమొనకు ఆయన వాడిన మాట పిప్పలకం. అంటే ఈ చిక్కు మనవాళ్లకు ఏనాటినుంచో తెలుసునన్నమాట!

మర్నాడు ఇద్దరం వొక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ప్లాస్టిక్ సర్జరీ చదివిన మనిషి. కత్తి మాట ఎత్తకుండా ముందు రెండు ప్రశ్నలు వేసింది. "ఎప్పటినుంచి ఇట్లా వున్నది? పిల్లలకు పాలివ్వాలని వున్నదా?" వైద్యమంతా ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి వున్నదని తరవాత అర్థమయింది.

రొమ్ములోని పాలనాళాలు చనుమొన దగ్గరకు వచ్చి బయటికి తెరుచుకుంటాయి. కొందరిలో ఆ నాళాలు పొట్టిగా వుంటాయి. వాటి చుట్టూ నారవంటి పోగులు బిగిసి, మొనను లోపలికి లాగి పట్టుకుంటాయి. పుట్టుకతో వచ్చే ఈ తీరు రోగం కాదు. 1999లో కొరియా వైద్యులు హాన్, హాంగ్ దీనిని మూడు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో వేళ్లతో నొక్కితే మొన సులువుగా బయటికి వచ్చి కాసేపు నిలుస్తుంది. రెండో తరగతిలో వస్తుంది గాని, వదలగానే మళ్లీ లోపలికి పోతుంది. మూడో తరగతిలో ఎంత ప్రయత్నించినా రావటం కష్టం. ఆపరేషను అవసరం ఎక్కువగా ఈ మూడో తరగతి వారికే.

ఆపరేషను కొత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలోనే జర్మనీ వైద్యుడు కెహ్రర్ వొక పద్ధతి చెప్పాడు. ఆ తరవాత ఎన్నో పద్ధతులు వచ్చాయి. ఇప్పుడు ఆ చోటుకు మాత్రం మత్తు ఇచ్చి, మొన మొదట్లో చిన్న గాటు పెట్టి, బిగిసిన పోగులను విడదీస్తారు. మొన మళ్లీ లోపలికి జారకుండా సంచీ మూతికి తాడు బిగించినట్లు లోపల కుట్టు వేస్తారు. పాలనాళాలను కాపాడుతూ చేసే పద్ధతులు వున్నాయి. మరీ బిగిసినప్పుడు నాళాలను కోయవలసి వస్తుంది. కోసిన తరవాత ఆ రొమ్ముతో పాలివ్వగలమన్న భరోసా లేదు. మొన మళ్లీ లోపలికి పోవటం, స్పర్శ తగ్గటం కూడా కద్దు. "అరగంట" అన్న మాట వెనక ఇంత వున్నది!

మా పిల్లది మొదటి తరగతి. "దీనికి కత్తి ఎందుకమ్మా? పిల్లలు పుట్టి, పాలు మానిన తరవాత కూడా కావాలనిపిస్తే అప్పుడు రా" అన్నది డాక్టరమ్మ. బిడ్డ కుడిచేది వొక్క మొననే కాదట. దాని చుట్టూ వున్న నల్లని వలయాన్ని కూడా నోటినిండా పట్టి కుడుస్తుందట. అందుకనే ఇట్లాంటి తల్లులు చాలామంది పాలివ్వగలుగుతారు.

కత్తి లేని ఉపాయాలు కూడా వున్నాయి. 1953లో హాఫ్‌మన్ అనే ఆయన వేళ్లతో చర్మాన్ని సాగదీసే వ్యాయామం వొకటి చెప్పాడు. గర్భిణులకు అది చాలాకాలం సలహాగా ఇచ్చారు. తీరా బ్రిటన్‌లో పరీక్షించి చూస్తే ప్రయోజనం కనబడలేదని 1992లో తేలింది. 1994లో అక్కడి సర్జన్ మెక్‌జార్జ్, మొనను గాలిపట్టుతో బయటికి లాగే చిన్న టోపీవంటి సాధనం గురించి ప్రకటించాడు. మన పక్కనే, కర్ణాటకలోని దావణగెరె వైద్యులు 1993లో అంతకంటె చవకైన దారి చూపారు. ప్లాస్టిక్ సిరంజి కొస కోసి, కడ్డీని ఆ కోసిన వైపునుంచి ఎక్కించి, నున్నని అంచును రొమ్ముకు ఆనించి, మెల్లగా లాగటం. పాలివ్వబోయే ముందు తల్లి తానే చేసుకోవచ్చు. నర్సు చేత వొకసారి చూపించుకుంటే చాలు.

తిరిగి వస్తూ ఆటోలో నేను పిల్లతో, "ఇక మీ అమ్మకు చెప్పు. ఇందులో దాచవలసిందేమీ లేదు" అన్నాను. ఆ రాత్రే చెప్పింది. అక్కయ్య అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "నాకూ ఎడమవైపు అట్లాగే లోపలికి పోయిందే. సంక్రాంతి నుంచి. వయసు వల్ల కాబోలునని వూరుకున్నాను" అన్నది.

డాక్టరమ్మ వేసిన మొదటి ప్రశ్న నాకు చటుక్కున గుర్తు వచ్చింది. ఈడునాటినుంచీ వున్నదానికి భయపడనక్కరలేదు. పెద్దవయసులో కొత్తగా, అందులోనూ వొకవైపే మొన లోపలికి పోతే మాత్రం వెంటనే పరీక్ష చేయించుకోవాలి. పాలనాళాల వాపు వంటి చిన్న కారణమూ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. రక్తం కారటం, గడ్డ తగలటం, చర్మం సొట్టపడటం వుంటే వొక్క రోజు కూడా ఆగరాదు. బంజారా హిల్స్‌లో అందం కోసం క్లినిక్కులే కాదు, 2000లో ప్రారంభమైన బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి కూడా వున్నది. పంజగుట్టలో నిమ్స్ వున్నది. ఎక్కడికి వెళ్లినా ఫరవాలేదు, వెళ్లటం ముఖ్యం.

మర్నాడు చీరల కొట్టుకు బదులు అక్కయ్యను పరీక్షకు తీసుకువెళ్లాను. మామోగ్రాము తీశారు, సూదితో ముక్క తీసి చూశారు. చిన్న గడ్డ. క్యాన్సరే. ఇంకా పాకలేదు. పెళ్లి మూడు నెలలు వెనక్కి జరిగింది. ఆపరేషనూ, మందులూ అయిన తరవాత అక్కయ్య జుట్టు లేని తలమీద కొంగు కప్పుకుని పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది.

కిందటి నెల బారసాలకు వెళ్లాను. పసిది వొళ్లో హాయిగా పాలు కుడుస్తున్నది. మొదటి వారం సిరంజి అవసరపడిందట. "అతను ఏమన్నాడే?" అని చెవిలో అడిగాను. "అసలు గమనించనే లేదు పిన్నీ!" అని నవ్వింది.

తల్లికి తెలియకూడదని కూతురు దాచింది. పెళ్లి పనులకు అడ్డమని తల్లి దాచింది. వొకరు నోరు విప్పారు గనుక ఇద్దరూ గట్టెక్కారు. మీ యింట్లో కూడా వంటింటి గుమ్మం దగ్గర ఎవరైనా "నీతో వొక మాట" అంటే, పొయ్యిమీది కూర మాడినా సరే, ఆ మాట వినండి.