నీడా నీళ్లూ దండగ అనుకుంటే నష్టం ఆసామికే
మిరప కోతల వేళ కూలీల ఆరోగ్యం

శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప రైతుకు కంటి మీద కునుకు ఉండదు. చేను ఎర్రబారి ఉంటుంది. కాయ చెట్టునే ఎండిపోతే రంగు తగ్గుతుంది. అకాల వర్షం పడితే తాలు పెరుగుతుంది. ఊళ్లో కూలీలు చాలక కర్నూలు వైపు నుంచి ముఠాలు దిగుతాయి. ఆటో కిరాయి, బియ్యం, వంటచెరకు, కూలి డబ్బు అన్నీ ఆసామి లెక్కలో ఉంటాయి. కోసే మనిషి ఒళ్లు నిలబడేందుకు అయ్యే ఖర్చు మాత్రం ఆ లెక్కలోకి రాదు.

చాలా చేలల్లో నీళ్ల డ్రమ్ము గట్టు మీద ఎండలోనే ఉంటుంది. పదకొండు గంటలకే ఆ నీళ్లు కాగిపోతాయి. కిలోల లెక్కన కోత అయితే కూలీలు కూడా తమంతట తాము ఆగరు. ఇక ఆడకూలీల ఇబ్బంది వేరు. చాటు లేని చేలో మరుగుకు పోవాల్సి వస్తుందని సాయంత్రం దాకా నీళ్లే ముట్టనివారు ఎందరో. ఒంట్లో నీరు తగ్గి, మూత్రంలో మంట, జ్వరంతో వారు పడకేస్తే ఆ నాలుగు రోజుల కోత కూడా ఆగినట్టే.

నష్టం ఎలా వస్తుంది?

ఎండలో గట్టి పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. 50 కిలోల మనిషి ఒంట్లోంచి లీటరు నీరు పోయి, తిరిగి చేరకపోతే సత్తువ తగ్గడం మొదలవుతుంది. చేతులు నెమ్మదిస్తాయి. పచ్చికాయ, పండుకాయ తేడా తెలియదు. కొమ్మలు విరుగుతాయి.

ఇరవై మంది ముఠాలో ఒక్కొక్కరికి గంట పని తగ్గిందనుకుంటే ఇరవై గంటలు పోయినట్టు. అంటే రెండున్నర కూళ్లు. అదే మనిషికి అరగంట విశ్రాంతి ఇస్తే పోయేది పది గంటలే. ఎవరైనా సొమ్మసిల్లితే వెంట ఇద్దరు ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలినవారి మనసు పనిమీద నిలవదు. మరుసటి ఏడు ఆ ముఠా వేరే ఆసామి చేనికి పోతుంది.

ఈ నష్టం ఒక్క ఊరిది కాదు. 1995లో ఎండవేడి వల్ల మన దేశంలో నూటికి 4.3 పనిగంటలు పోయాయని, 2030 నాటికి అది 5.8కి చేరుతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా కట్టింది. 2015 మే వడగాల్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎండన పనిచేసే కూలీలు, వృద్ధులు చాలామంది.

చెరకు తోటలో తేలిన లెక్క

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశంలో చెరకు నరికే కూలీలకు మూత్రపిండాల జబ్బు ఎక్కువ. 2014–15 కోతల్లో అక్కడ కొందరు కూలీలపై ఒక ప్రయత్నం చేశారు. కూలీలకు వీపున తగిలించుకునే నీళ్ల సంచులు ఇచ్చారు. పని జరిగే చోటికి నీడ పందిరి జరుపుతూ, వేళకు విశ్రాంతి ఇచ్చారు. మెరుగైన కత్తులూ ఇచ్చారు. అంతకుముందు రోజుకు మనిషి నరికింది సగటున 5.1 టన్నులు. తర్వాత 7.3 టన్నులు నరికారు. ఇందులో కత్తుల పాలు కొంత ఉన్నా, విశ్రాంతి ఇస్తే పని తగ్గుతుందన్న భయం మాత్రం నిలవలేదు.

రైతు చేయగలిగినవి

పని తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి రాకముందే ఆపాలి. నీళ్ల కుండలు నీడలో, కోసే సాళ్లకు దగ్గరగా ఉంచాలి. 15–20 నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగమని మేస్త్రీయే గుర్తుచేయాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మంచివి. పాత చీరలతో నాలుగు గుంజల పందిరి, ఆడవారికి తడికల చాటు పెద్ద ఖర్చు కావు. ఎండకు అలవాటు లేని కొత్తవారికి మొదటిరోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజురోజుకూ పెంచాలి.

మనిషి మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పినా వడదెబ్బగా గుర్తించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం చెప్పింది. సొంత చేలో చెప్పేవారు ఎవరూ ఉండరు. అయినా మిట్టమధ్యాహ్నం కాడి దించి ఎడ్లను చెట్టు కింద కట్టి కుడితి పెట్టడం పాత రైతుకు ఏ చట్టమూ నేర్పలేదు. ఎద్దు పడిపోతే సేద్యం ఆగుతుందని అతనికి తెలుసు. కోత మనిషి పడిపోయినా ఆగేది ఆ సేద్యమే.