టెస్టర్ ఒక్క రంధ్రంలోనే ఎందుకు వెలుగుతుంది?

సాకెట్‌లో టెస్టర్ పెడితే ఒక రంధ్రంలో వెలుగుతుంది, రెండో దాంట్లో వెలగదు. కరెంటు మాత్రం రెండు తీగల్లోనూ ప్రవహిస్తుంది. మరి తేడా ఎక్కడ? ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎర్త్ చేసిన చోట.

సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రెండు తీగల మధ్య 230 వోల్టులుంటాయి. మన దగ్గర ఒక కొసను ఎర్త్ చేస్తారు. అదే న్యూట్రల్. మిగిలింది ఫేజ్. ముట్టుకుంటే 230 వోల్టుల షాకే.

ఒక కొసను కాకుండా వైండింగ్‌ను సరిగ్గా మధ్యలో ఎర్త్ చేస్తే? బ్రిటన్‌లో భవన నిర్మాణ పనుల దగ్గర డ్రిల్లింగ్ మెషీన్లకు వాడే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు అలాంటివే. ఏ తీగ తగిలినా భూమికి 55 వోల్టులే. అమెరికా ఇళ్లకూ ఇదే పద్ధతి, 240లో సగం 120. కాకపోతే రెండు చివరి తీగలూ లైవే. వాటి మధ్య నడిచే పరికరానికి రెండింటినీ కట్ చేసే స్విచ్ ఉండాలి.

అసలు ఎర్తే చేయకపోతే షాక్ ఉండదు కదా? అలా అనిపిస్తుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 11 కేవీ లైన్ వోల్టేజీ ఇళ్ల తీగల్లోకి వచ్చేస్తుంది. ఎర్త్ ఉంటేనే ఆ కరెంటు భూమిలోకి పోయి, ఫ్యూజు ఎగిరిపోయే అవకాశం ఉంటుంది.

ఈ ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటోళ్లు చేసే పని, మీ సాకెట్‌లో చేసేది కాదు. ఎర్త్ గుంత లేని ఇళ్లలో కొందరు ఎలక్ట్రీషియన్లు చిన్న తీగ ముక్కతో న్యూట్రల్‌ను మూడో పిన్నుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఆన్‌లో ఉన్న ఫ్రిజ్ తలుపుకే 230 వోల్టులు వస్తాయి. ఎంసీబీ పడదు కూడా. మెయిన్ ఆపించి, సాకెట్ ప్లేటు విప్పించి ఆ తీగ ముక్క ఉందేమో చూపించమనండి.