డాబా మీది నిప్పులు, కుండీలోని పుదీనా

నగరం పెరిగేకొద్దీ ఇల్లు మొదట పోగొట్టుకొనేది పెరటిని. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న చిలకలగూడలో ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పేరులోనే చిలకలను దాచుకున్న ఈ పేటలోనూ, దాని పక్కనున్న వారాసిగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండిలలోనూ కరివేప చెట్టు, జామచెట్టు, బట్టలుతికే బండ ఉండే పెరళ్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లకు స్థలమిచ్చాయి. పెరట్లో జరిగే పనులు మాత్రం ఆగిపోలేదు. అవి మెట్లెక్కి డాబా మీదికి చేరాయి. వడియాలు అక్కడే ఎండుతున్నాయి, పిల్లలు అక్కడే ఆడుతున్నారు. బక్రీద్ మరుసటి సాయంత్రం కబాబుల పొయ్యి రాజుకొనేదీ అక్కడే.

నిప్పుల మీద మాంసం కాల్చుకోవడం విదేశాల నుంచి కొత్తగా వచ్చిన వేడుక అన్నట్టు కొందరు మాట్లాడుతుంటారు. మూతలున్న ఖరీదైన గ్రిల్ పొయ్యిలు దుకాణాలకు రావడంతో ఈ అభిప్రాయం బలపడి ఉండవచ్చు. కాని ఈ వంట చాలా ప్రాచీనమైనది. హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) తమ ఇంటికి వచ్చిన అపరిచిత అతిథులకు ఆలస్యం చేయకుండా వేచిన దూడ మాంసం తెచ్చి పెట్టారని దివ్య ఖుర్‌ఆన్‌లోని హూద్ సూరా తెలుపుతున్నది. అక్కడ వాడిన ‘హనీజ్’ అనే పదానికి, కాలిన రాళ్ల మీద వేచిన మాంసమని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

ఆ అర్థం చదివినప్పుడు హైదరాబాదీ పాఠకులకు పత్థర్ కా గోష్త్ గుర్తుకు రాక మానదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు వంటవారు కబాబు చువ్వలు మరచిపోయారనీ, అక్కడి రాతిపలకనే నిప్పుల మీద కాల్చి దానిపై మాంసం వేచారనీ ఒక కథ చెప్పుకొంటారు. కథ ఎంతవరకు నిజమైనా, ఈ వంటకం ఈ నేలలో పుట్టడంలో వింతేమీ లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న దక్కన్ నేల ఎక్కువగా గ్రానైటే. ఇంటి గడప, రోలు, సమాధి ఫలకం అన్నీ ఆ రాతితోనే చేసుకొన్న ఊరిలో పెనం కూడా దానితోనే చేసుకొన్నారు.

రాయి విషయంలో మాత్రం తొందర పనికిరాదు. రెండంగుళాల మందం కలిగి, పగుళ్లు లేని గ్రానైటు పలకను ఎంచుకోవాలి. వాగులోనో, తడినేలలోనో దొరికిన రాయిని తెచ్చి నేరుగా నిప్పు మీద పెట్టరాదు. లోపల చిక్కుకొన్న నీరు ఆవిరిగా మారి రాయి పగిలి ముక్కలు ఎగిరిపడే ప్రమాదం ఉంది. పలకను కడిగి బాగా ఎండనిచ్చి, మొదట సన్నని సెగ మీద పెట్టి క్రమంగా వేడి పెంచాలి. సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి దానిపై రుద్దినప్పుడు చుయ్యిమంటే రాయి సిద్ధమైనట్టే.

బొగ్గు కోసం దూరం పోనక్కరలేదు. ఇస్త్రీ బండివాళ్లకు బొగ్గు అమ్మే దుకాణంలోనే దొరుకుతుంది. అందులో ఎక్కువ భాగం సర్కారు తుమ్మ బొగ్గే. నిప్పు రాజేయడానికి కిరసనాయిలు పోసే అలవాటు మానుకోవాలి. అది ప్రమాదకరం, పైగా ఆ వాసన మాంసానికి పడుతుంది. కొబ్బరి పీచు చాలు. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద తెల్లని బూడిద పొర పరచుకొన్నాకనే వంట మొదలుపెట్టాలి. ఇందుకు అరగంట పట్టవచ్చు. డాబా మీద కబాబులు పైన మాడి, లోపల పచ్చిగా ఉండిపోవడానికి మసాలా కారణం కాదు. ఆకలితో ఉన్న పిల్లలు తొందర పెట్టడమే కారణం.

ఇక మాంసం. బక్రీద్ నాడు నమాజు ముగించుకొని వచ్చి, తమ ఖుర్బానీ మాంసంతోనే దైవప్రవక్త (స) ఆహారం తీసుకొనేవారని హదీసు ఉంది. మన ఇళ్లలో ఆ మొదటి వంట సాధారణంగా కలేజీ. ఈ అలవాటు వెనుక వంటింటి విజ్ఞానమూ ఉంది. జబహ్ అయిన కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకొంటాయి. ఆ బిగువు సడలి మాంసం మళ్లీ మెత్తబడడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కాలేయానికి ఈ బాధ లేదు. అందుకే పండుగ మధ్యాహ్నమే బోటీ కబాబు కాల్చినవారు దవడలు నొప్పెట్టేదాకా నమలవలసి వస్తుంది. మొదటిరోజు కలేజీ, మరునాడు ఫ్రిజ్‌లో సేదతీరిన మాంసంతో కబాబు అన్నది పెద్దలు అనుభవంతో కనిపెట్టిన క్రమం.

కిలో ఎముకలేని మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి, కత్తి వెనుక భాగంతో మెల్లగా కొట్టాలి. రెండు పెద్ద చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద, అంతే అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, దంచిన మిరియాలు, గరం మసాలా, ఉప్పు పట్టించి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టి ముక్కను మెత్తబరుస్తుంది. రెండు చెంచాలు మంచివైతే ఐదు చెంచాలు ఇంకా మంచివనుకొంటే మాంసం పిండిముద్దలా తయారవుతుంది. కీమాతో చేసే సీఖ్ కబాబుకు కొంత కొవ్వు తప్పనిసరి. అందులో కలిపే ఉల్లిగడ్డ తురుమునూ పుదీనానూ గట్టిగా పిండి నీరు తీసివేయాలి. చువ్వ మీది కబాబు జారి నిప్పుల్లో పడుతుందంటే చాలాసార్లు ఈ నీరే దోషి.

ఈ వంటలో సగం రుచి ఆకులది. అయినా వాటిని మనం అలంకరణగానే చూస్తాం. పళ్లెం సిద్ధమయ్యాక పైన రెండు రెమ్మలు చల్లి ఊరుకొంటాం. కొత్తిమీర కాడలను పారేయడం మరో దుబారా. సువాసన కాడల్లోనూ సమృద్ధిగా ఉంటుంది, సెగకు అవి ఆకులకంటే బాగా తట్టుకొంటాయి. కాడలు నూరి మసాలాలో కలపాలి, ఆకులను చివరికి అట్టిపెట్టాలి. పెద్ద కట్ట కొత్తిమీర, అందులో సగం పుదీనా, నాలుగు పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం జీలకర్ర, ఉప్పు నూరి గట్టి పెరుగులో కలిపితే కబాబు చట్నీ సిద్ధం. నిమ్మరసం వడ్డించే ముందే పిండాలి. ముందుగా పిండి ఉంచితే పులుపుకు ఆకుపచ్చదనం చెడి చట్నీ గోధుమ రంగుకు తిరుగుతుంది.

బజారు ఆకుకూర ఉండగా కుండీల శ్రమ ఎందుకు అనేవారున్నారు. నగరం దాటిన తరువాత మూసీ వెంబడి మురుగు కలిసిన నీటితో గడ్డినీ ఆకుకూరలనూ పండించడం పరిశోధకులు ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చిన విషయం. మన చేతికొచ్చిన కట్ట ఏ నీటితో పెరిగిందో చూసి చెప్పలేము. వండే కూరకైతే సెగ రక్షణ ఇస్తుంది. పచ్చిగా నూరే చట్నీకి ఆ రక్షణ లేదు. ఆకును రెమ్మలు విడదీసి, ధారగా పారే నీటిలో ఒకటికి మూడుసార్లు కడగాలి. చట్నీకి సరిపడేంత ఇంట్లోనే పెంచుకోగలిగితే ఇంకా నిశ్చింత.

పుదీనాకు విత్తనం అక్కరలేదు. బజారు కట్టలోంచి నాలుగు గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీటిలో నిలబెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. వెడల్పాటి కుండీలో, అర్ధనీడలో నాటాలి. కొత్తిమీరకు ధనియాలను అరచేత నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి ఎనిమిది పది రోజులు పడుతుంది, అప్పటిదాకా మట్టి తడి ఆరనీయరాదు. మెంతులు మూడు నాలుగు రోజుల్లోనే మొలుస్తాయి, ఇరవై ఇరవై ఐదు రోజులకు కోతకు వస్తాయి. సహనం తక్కువ ఉన్న పిల్లల చేత మొదట మెంతులే చల్లించడం మేలు.

ఇక్కడ ఒక చిక్కుంది. 2025లో జూన్ 7న వచ్చిన బక్రీద్, చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ మే నెలలోకి, ఆపై ఏప్రిల్‌లోకి వస్తుంది. ఆ ఎండలకు డాబా మీది కొత్తిమీర ఆకు పెట్టకుండా పూతకు పోతుంది. పచ్చని నీడవల కిందనో, తూర్పు గోడ వారనో ఉంచి ఉదయపు ఎండ మాత్రమే తగలనిస్తే కొంతవరకు నిలుస్తుంది. అయినా ఋతువుతో పోట్లాడడం కంటే ఋతువు ఇచ్చింది తీసుకోవడమే తెలివి. ఆ నెలల్లో బజారులో చింతచిగురు కనిపిస్తుంది. చిగుర్ గోష్త్ వండే ఊరికి దాని విలువ వేరే చెప్పాలా? పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో చింతచిగురును కచ్చాపచ్చాగా నూరి, నిప్పుల మీద కాల్చిన కలేజీతో తిని చూడండి. నిమ్మకాయ కోసం వెతకరు.

ఆరోగ్యం మాటా రెండు వాక్యాల్లో చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్ర మాంసాన్ని బహుశా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మాంసం మాడినప్పుడూ, కరిగిన కొవ్వు నిప్పుల్లో పడి లేచిన పొగ మాంసాన్ని తాకినప్పుడూ హానికర పదార్థాలు ఏర్పడతాయి. పండుగకు తినే నాలుగు కబాబులకు భయపడనవసరం లేదు. కాని నల్లగా మాడిన అంచును ‘అదే అసలు రుచి’ అని పిల్లలకు నేర్పడం మానేయాలి. వెల్లుల్లి, నిమ్మరసం, ఆకులు కలిపిన మసాలాలో నానిన మాంసంలో ఆ పదార్థాలు కొన్ని తక్కువగా ఏర్పడినట్టు ప్రయోగశాలల్లో తేలింది. రాతి మీద వేచినప్పుడు కొవ్వు నేరుగా నిప్పుల్లో పడదు. ఆ విధంగా కూడా పత్థర్ కా గోష్త్‌కు నా ఓటు.

పెరటికీ డాబాకూ ఉన్న అసలు తేడా ఇంకొకటి. పెరడు మనది, డాబా అందరిదీ. చిలకలగూడ వంటి పేటలో ఒకే మెట్ల వరుసను మాంసం తినేవారు, తాకనివారు, ఆస్తమాతో బాధపడేవారు పంచుకొంటారు. ఎవరివో ఉతికిన చీరలు పక్క తీగ మీద ఆరుతుంటాయి. కూర వండినప్పుడు నీరు కొంచెం ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. ఆ పొరుగువాడు ఎవరై ఉండాలో అక్కడ షరతు పెట్టలేదు. కబాబులో నీరు పోసి పెంచలేము. శాకాహారికి కబాబు పంపడమూ మర్యాద కాదు. అయితే మార్గం లేకపోలేదు. శుభ్రమైన జాలీ మీద, మాంసం ఇంకా డాబా ఎక్కకముందే, మొక్కజొన్న పొత్తులు, వంకాయలు కాల్చాలి. కాల్చిన వంకాయను కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతపండుతో నూరిన పచ్చడికి తెలుగు ఇంట కాదనేవారు అరుదు. విడి గిన్నెలో, విడి గరిటెతో చేసి, ఆ మాట చెప్పి మరీ ఇవ్వాలి. పొయ్యి రాజేసే ముందురోజే ‘రేపు సాయంత్రం కొంచెం పొగ వస్తుంది, బట్టలు తీసుకోండి వదినా’ అని తలుపు తట్టి చెప్పడం ఆ గిన్నెకంటే ముఖ్యం. పొగ లేచాక వచ్చి క్షమాపణ అడిగితే అప్పటికే చీరలకు వాసన పట్టి ఉంటుంది.

పై అంతస్తు దొరకనివారికి ధుంగార్ ఉంది. దమ్ కా కీమా వండి, గిన్నె మధ్యలో చిన్న కటోరీ పెట్టి, అందులో ఒకే ఒక్క కాలిన బొగ్గు ఉంచి, అరచెంచా నెయ్యి వేసి మూత పెట్టాలి. ఐదు నిమిషాలు చాలు. కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి.

కిటికీ మాట ఊరికే అనలేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో డాబా మీద విందు ముగిశాక మిగిలిన నిప్పులు వృథా ఎందుకని, చలి కాచుకోవడానికి అంగీఠీని గదిలోకి తెచ్చి తలుపులు మూసుకొనే కుటుంబాలు ఉన్నాయి. ఇది ప్రాణాంతకం. మంట లేని, పొగ రాని బొగ్గు నుంచే కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. ముందు తలనొప్పి, వికారం, తరువాత మత్తు. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలేవీ తెలియవు. పసిపిల్లలకు, గర్భిణులకు ముప్పు మరీ ఎక్కువ. కిటికీ కొంచెం తెరిచి ఉంచాం కదా అన్న ధైర్యం చాలదు. నిప్పును పడకగదిలోకి తేనే కూడదు. ఎవరికైనా అలా తల తిరిగితే వెంటనే ఆరుబయటి గాలిలోకి తీసుకుపోయి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు దానిలోని మనుషులతో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువనీ, పడుకొనే ముందు దానిని ఆర్పివేయాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. మన డాబాకు ఆ ఆదేశాన్ని అన్వయించుకొంటే చేయవలసింది ఇంతే. చివరి కబాబు దిగగానే ఇంటి పెద్దలలో ఒకరు ఆ పని తమ పేరున తీసుకోవాలి. బొగ్గులను ఇనుప బకెట్టులోకి ఎత్తి, కొంచెం దూరంగా నిలబడి నీరు కొద్దికొద్దిగా చల్లి, కర్రతో కలిపి, మళ్లీ చల్లాలి. వేడి రాయి మీద మాత్రం నీరు పోయరాదు, దానిని పిల్లలకు అందకుండా గోడ వారన తెల్లవార్లూ చల్లారనివ్వాలి. బకెట్టులోని బూడిద మరునాడు ఉదయం చేతికి చల్లగా తగిలిన తరువాతనే చెత్తబుట్టలో వేయాలి.