శిశు వైద్యులకు నిరంతర అధ్యయనం: నమోదు పునరుద్ధరణకు సన్నద్ధత

భద్రాచలం: ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులను ఆనుకొని ఉన్న చర్ల, దుమ్ముగూడెం మండలాల గిరిజన కుటుంబాలకు బిడ్డ జబ్బు పడితే భద్రాచలం ఏరియా ఆసుపత్రే ప్రధాన ఆధారం. సరిహద్దు ఆవలి పల్లెల నుంచి కూడా తల్లులు పిల్లలను ఎత్తుకొని ఇక్కడికి వస్తుంటారు. ఇటువంటి చోట సేవలందించే శిశు వైద్యులు తమ విజ్ఞానాన్ని ఎప్పటికప్పుడు నవీకరించుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

అమెరికాలో శిశు వైద్యులు పట్టా పొందిన తరువాత కూడా తమ అర్హతను నిరూపించుకుంటూ ఉండాలి. అక్కడ స్థిరపడిన తెలుగు వైద్యులకు ఇది సుపరిచితమే. పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు ప్రత్యామ్నాయంగా, మూడు నెలలకొకసారి ఆన్‌లైన్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చే విధానాన్ని అక్కడి శిశు వైద్య బోర్డు 2019లో ప్రవేశపెట్టింది.

మన దేశంలో అటువంటి పునఃపరీక్ష లేదు. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలలో పాల్గొనాలి. 2020లో ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది. కమిషన్ 2023 ఆగస్టులో ప్రకటించిన కొత్త నియమాలను అదే నెలలో నిలిపివేసి, 2002 నియమావళినే తిరిగి అమలులోకి తెచ్చింది. రాష్ట్ర వైద్య మండలిలో ఐదేళ్లకొకసారి జరిగే నమోదు పునరుద్ధరణకు ఈ గంటల ధ్రువపత్రాలు అవసరం.

అయితే ధ్రువపత్రాల సేకరణతోనే సన్నద్ధత పూర్తి కాదు. గడచిన రెండు దశాబ్దాలలో చికిత్సా పద్ధతులు ఎంతగానో మారాయి. అతిసారం సోకిన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో సూచించాయి. పుట్టగానే ఊపిరి అందని, నెలలు నిండిన శిశువుకు నూరు శాతం ఆక్సిజన్‌తో కాక, మామూలు గాలితోనే శ్వాస అందించడం ప్రారంభించాలని 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. తీవ్ర మలేరియాలో క్వినైన్ కంటే ఆర్టిసునేట్ మేలని, దానివల్ల మరణాలు 22.5 శాతం తగ్గాయని ఆఫ్రికాలో 5,425 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2010లో వెల్లడించింది. 20 కిలోల లోపు పిల్లలకు ఆ మందు మోతాదును కిలో బరువుకు 2.4 నుంచి 3 మిల్లీగ్రాములకు పెంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. గిరిజన ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధి నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న ప్రారంభమైంది.

కనుక వైద్యులు ఈ 30 గంటలను చివరి ఏడాదికి మిగుల్చుకోక, ఏటా ఆరు గంటల చొప్పున విభజించుకోవడం శ్రేయస్కరం. తమ వార్డులో తరచుగా కనిపించే జబ్బులనే ముందుగా అధ్యయనాంశాలుగా ఎంచుకోవాలి. నవజాత శిశువుకు శ్వాస అందించడం వంటి నైపుణ్యాలను చదివి వదలక బొమ్మలపై అభ్యసించాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనందున, అధ్యాపకులతో చర్చించేందుకు ప్రతిసారీ హైదరాబాదు వరకు వెళ్లవలసిన అవసరం లేదు.

ఏళ్ల అనుభవం రోగాన్ని త్వరగా గుర్తించే చూపునిస్తుంది. ఆ రోగానికి నేడు ఏ మందు, ఎంత మోతాదులో ఇవ్వాలన్నది మాత్రం అధ్యయనం వల్లనే తెలుస్తుంది. అడవి దాటి వచ్చిన బిడ్డకు ఈ రెండూ అందాలన్నదే నమోదు పునరుద్ధరణలోని పరమార్థం.